సూదిపోటు చికిత్స, ఎండార్ఫిన్ వాదం: ఒక విమర్శ

ధర్మవరం పట్టుచీరను చూచినవారి కన్ను జరీ అంచు మీద నిలుస్తుంది. గుంటమగ్గంలో కాళ్ళు దించుకొని, నడుము వంచి, ప్రొద్దుగూకే దాకా ఆ అంచును నేసిన మనిషి నడుము నొప్పి చీరలో కనబడదు. అక్కడికి దగ్గరలోనే రామగిరి ఉన్నది. 2022 వరకు అనంతపురం జిల్లాలో ఉండి, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో చేరిన ఈ ప్రాంతంలో వేరుశనగ చేలలో వంగి కలుపు తీసే స్త్రీల మోకాళ్ళు, మూతపడిన బంగారు గనులలో ఒకప్పుడు రాయి తొలిచినవారి భుజాలు కూడా ఇదే కథ చెబుతాయి. కొన్ని ఊళ్ళ బోరునీటిలో ఫ్లోరైడు మితిమీరి ఉండి వెన్నెముకను బిగదీయడం వీటికి తోడు.

నొప్పి ఉన్నచోటికి వైద్యాలు వెదుక్కుంటూ వస్తాయి. వాటిలో ఆక్యుపంక్చర్, అనగా సూదిపోటు చికిత్స, ఒకటి. 2019లో కేంద్ర ఆరోగ్య శాఖ దీనిని ఒక చికిత్సా విధానంగా గుర్తించింది. దీనిని ప్రచారం చేసేవారు సాధారణంగా చెప్పే మాటలు మూడు. సూది గుచ్చితే శరీరంలో ఎండార్ఫిన్లు అనే సహజమైన నొప్పినివారిణులు ఊరుతాయి. వాటి వల్ల ఏళ్ళ తరబడి పీడించే నొప్పులు పోతాయి. శరీరం తన మీద తానే యుద్ధం చేసుకొనే కీళ్ళవాతం వంటి వ్యాధులు కూడా అణగిపోతాయి. ఈ మూడూ ఒకే ఊపిరిలో చెప్పబడటం వల్ల మూడింటికీ సమానమైన బలం ఉన్నట్లు వినేవారికి తోస్తుంది. మొదటి మాటకు ఉన్న ఆధారం రెండవదానికి లేదు. రెండవదానికి ఉన్నపాటి ఆధారం మూడవదానికి లేదు.

నిజానికి రాయలసీమ పల్లెలకు సూది క్రొత్తగాని సూత్రం క్రొత్త కాదు. నొప్పి ఉన్నచోట కాల్చిన ఇనుముతో వాత పెట్టడం తెలుగు దేశంలో పాత అలవాటు. ఆ మచ్చలు ముసలివారి ఒంటి మీద నేటికీ కనబడతాయి. వాత వల్ల పుండు, చీము తప్ప మరొకటి దక్కదని వైద్యులు చెబుతూనే వచ్చారు. ఆ మాట నిజం. పసిపిల్లలకు వాతలు పెట్టడమైతే శిక్షార్హమైన క్రూరత్వం. అయినా వాత పడిన కాసేపు అసలు నొప్పి మరుగున పడినట్లుండటం కల్ల కాదు. 1979లో ఫ్రాన్సులో లెబార్స్, ఆయన సహచరులు ఎలుకల మీద ప్రయోగాలు చేసి, శరీరంలో ఒకచోట కలిగిన తీవ్రమైన నొప్పి వెన్నుపాములో మరొకచోటి నొప్పి సంకేతాలను అణచివేస్తుందని చూపించారు. అంతకుముందే 1965లో మెల్జాక్, వాల్ అనే శాస్త్రజ్ఞులు వెన్నుపాములో నొప్పికి ఒక ద్వారం వంటిది ఉన్నదనీ, ఇతర స్పర్శలు వచ్చి ఆ ద్వారాన్ని కొంత మూయగలవనీ ప్రతిపాదించారు. దెబ్బ తగిలిన మోకాలిని పిల్లవాడు వెంటనే చేతితో రుద్దుకోవడం ఈ ద్వారాన్ని మూసే యత్నమే. కనుక చర్మాన్ని గుచ్చితే నొప్పి మీద ఏదో ప్రభావం ఉండటంలో వింత ఏమీ లేదు. ఆ ప్రభావం ఎంత, ఎంతసేపు, అందుకు ఫలానా బిందువే కావాలా అన్నవే అసలు ప్రశ్నలు.

సూదులకు ఐరోపాలో ‘ఆక్యుపంక్చర్’ అన్న అర్థం వచ్చే లాటిన్ పేరును 1683లో ప్రచురించినవాడు టెన్ రైనే అనే డచ్చి వైద్యుడు. భారతదేశానికి ఈ విద్య వచ్చిన త్రోవలో మనవారికి తెలిసిన ఊరి పేరొకటి తగులుతుంది. 1938లో చైనాకు వెళ్ళిన భారత వైద్య బృందంలోని డాక్టర్ ద్వారకానాథ్ కోట్నీస్ షోలాపూరువాడు. తెలుగు పద్మశాలీలు వేల సంఖ్యలో మగ్గాలు పట్టుకొని స్థిరపడిన షోలాపూరే అది. అయితే కోట్నీస్ చేసినది శస్త్రచికిత్స. ఆ బృందంలోని మరొక వైద్యుడు బి. కె. బసు తరువాతి కాలంలో సూదుల విద్యను నేర్చి కలకత్తాలో ప్రచారానికి తెచ్చారు. ఇక పాశ్చాత్య దేశాలలో సంచలనం 1971లో పుట్టింది. జేమ్స్ రెస్టన్ అనే అమెరికా పత్రికా రచయితకు పెకింగులో ఉండుక శస్త్రచికిత్స జరిగింది. సూదులతోనే మత్తిచ్చి కోశారన్న కథ ప్రపంచమంతటా వ్యాపించింది. రెస్టన్ స్వయంగా వ్రాసినది వేరు: శస్త్రచికిత్స మామూలు మత్తుమందుతోనే జరిగింది, తరువాత కడుపు ఉబ్బరానికి మాత్రమే సూదులు గుచ్చారు. కథ పెరిగిన తీరే ఒక పాఠం వంటిది.

ఎండార్ఫిన్ల చరిత్ర మాత్రం వీటన్నిటికంటె గట్టి నేల మీద ఉన్నది. గసగసాల మొక్క నుంచి వచ్చే నల్లమందులోని మార్ఫీన్ మనిషి నొప్పిని ఎందుకు తగ్గించాలి? 1973లో మెదడులో మార్ఫీన్ తాళంచెవి వలె ఇమిడే గ్రాహకాలు ఉన్నవని అమెరికాలో పెర్ట్, స్నైడర్ చూపించారు; ఇంచుమించు అదే సమయంలో మరి రెండు పరిశోధనశాలలు కూడా అదే చెప్పాయి. మొక్క కోసం మెదడు తాళం తయారు చేసుకొని ఉండదు గదా! శరీరంలోనే ఆ తాళానికి సరిపోయే చెవి ఉండాలి. 1975లో స్కాట్లండులోని ఎబర్డీనులో హ్యూస్, కోస్టర్‌లిట్జ్ పంది మెదళ్ళ నుంచి దానిని తీశారు. అవి అయిదేసి అమైనో ఆమ్లాలు గల రెండు చిన్న గొలుసులు. మరుసటి సంవత్సరం చో హావో లీ ఒంటెల పిట్యూటరీ గ్రంథుల నుంచి 31 అమైనో ఆమ్లాల బీటా ఎండార్ఫిన్‌ను వేరు చేశాడు. ‘ఎండార్ఫిన్’ అంటే ‘లోపల పుట్టిన మార్ఫీన్’ అని అర్థం.

సూదులకు ఈ పదార్థంతో ముడి పడినది 1977లో. మేయర్, ప్రైస్, రఫీ అనే ముగ్గురు పరిశోధకులు మనుష్యుల పంటిలో విద్యుత్తుతో నొప్పి కలిగించి, బొటనవ్రేలికీ చూపుడువ్రేలికీ నడుమ సూది గుచ్చారు. నొప్పి తగ్గింది. పిమ్మట మార్ఫీన్ గ్రాహకాలను మూసివేసే నాలోక్సోన్ అనే మందు ఇవ్వగా, తగ్గిన నొప్పి తిరిగి వచ్చింది. ఇంకేమి, సూది ఎండార్ఫిన్ల ద్వారానే పనిచేస్తున్నదని ఋజువైనట్లు కనబడింది. ప్రచార పుస్తకాలు చాలావరకు ఇక్కడ ఆగిపోతాయి.

ఆగకూడని చోటు ఇదే. 1978లో లెవిన్, గోర్డన్, ఫీల్డ్స్ అనేవారు పన్ను తీయించుకున్న రోగులకు మందేమీ లేని ఉత్తుత్తి మందు ఇచ్చారు. కొందరికి ఉపశమనం కలిగింది. నాలోక్సోన్ ఇస్తే ఆ ఉపశమనం కూడా పోయింది! అనగా ‘నాకు మందు పడింది’ అన్న నమ్మకం చాలు, మెదడు తన మార్ఫీన్‌ను తానే విడుదల చేయగలదు. అటువంటప్పుడు సూది పోటు తరువాత ఎండార్ఫిన్లు పని చేశాయని చూపినంత మాత్రాన, పని సూదిదో నమ్మకానిదో తేలదు. పైగా 1983లో చాప్‌మన్ బృందం ఇటువంటి ప్రయోగమే చేయగా నాలోక్సోన్ ఉపశమనాన్ని తీసివేయలేదు. పెకింగులో హాన్ జీషెంగ్ సూదులకు విద్యుత్తు కలిపి, సెకనుకు 2 స్పందనలైతే ఒక జాతి ఎండార్ఫిన్లు, 100 స్పందనలైతే మరొక జాతి విడుదలవుతాయని చూపించారు. చక్కని పని, కాని అది విద్యుత్తు చేసిన పని కూడాను. వీటన్నిటికీ మించిన చిక్కు కాలానిది. ఎండార్ఫిన్ల ప్రభావం నిమిషాలలో, మహా అయితే గంటలలో ముగుస్తుంది. వారానికి రెండుసార్లు గుచ్చిన సూది ఆరు నెలల తరువాతి నడుము నొప్పిని ఎట్లా తగ్గిస్తుందో ఆ ఒక్క పదార్థంతో చెప్పడం కుదరదు.

2010లో రాచెస్టర్‌లో నెడర్‌గార్డ్ బృందం ఎలుక కాలిలో సూది త్రిప్పితే అక్కడికక్కడే అడినోసిన్ పెరిగి నొప్పిని తగ్గిస్తుందని చూపించింది. ఎలుక కాలికి ఆ సూది మనిషి కాలికి గునపం వంటిదన్న సంగతి మరువరాదు.

కారణం ఏదైనా, నొప్పి తగ్గుతున్నదా? దీనికి జర్మనీలో పెద్ద పరీక్ష ఒకటి జరిగి, ఫలితాలు 2007లో వెలువడ్డాయి. ఉపాధ్యాయులు తరగతిలో చర్చించదగిన ప్రయోగమిది. దీర్ఘకాలపు నడుము నొప్పి గల 1,162 మందిని చీట్లు వేసినట్లు మూడు జట్లుగా విభజించారు. మొదటి జట్టుకు శాస్త్రోక్తమైన బిందువులలో సూదులు. రెండవ జట్టుకు బిందువులు కాని చోట్ల పైపైన సూదులు. మూడవ జట్టుకు మామూలు మందులు, వ్యాయామం. ఆరు నెలల తరువాత చెప్పుకోదగిన మెరుగు కనబడినవారు వరుసగా నూటికి 47.6, 44.2, 27.4. సూదుల పక్షంవారు మొదటి అంకెను మూడవదానితో పోల్చి జయమన్నారు. ప్రతిపక్షంవారు మొదటిదానిని రెండవదానితో పోల్చి, సరియైన బిందువుకూ తప్పు బిందువుకూ భేదం లేదు గదా అన్నారు. ఇద్దరి అంకెలూ నిజమే. మూడవ జట్టువారికి తమకు సూదులు దక్కలేదని తెలుసునన్న విషయం మాత్రం ఎవరూ గట్టిగా చెప్పరు. నిరుత్సాహపడిన రోగి తన నొప్పికి తక్కువ మార్కులు వేయడు.

2012లో వికర్స్, ఆయన సహచరులు 29 పరీక్షలలోని 17,922 మంది వివరాలు కలిపి లెక్కించారు. నూటికి 60 నొప్పితో మొదలైన రోగిని ఊహిస్తే, సూదులు లేకుండా అది 43కు, ఉత్తుత్తి సూదులతో 35కు, అసలు సూదులతో 30కి దిగుతుందని వారి అంచనా. అసలుకూ ఉత్తుత్తికీ మధ్య ఉన్నది 5. అది సున్న కాదు. కాని ఉపశమనంలో పెద్ద భాగం బిందువుల పటంలో లేదు. అది మంచం మీద పడుకున్న అరగంటలో, వైద్యుడు పలికిన మాటలో, కాలం తనంత తానుగా చేసే పనిలో ఉన్నది. బ్రిటనులో వైద్య ప్రమాణాలు నిర్ణయించే సంస్థ నడుము నొప్పికి 2009లో సూదులను సిఫారసు చేసి, 2016లో ఉపసంహరించుకొని, 2021లో కారణం తేలని దీర్ఘకాలపు నొప్పికి మళ్ళీ పరిశీలించవచ్చునని చెప్పడంలోని తడబాటుకు ఈ 5 అనే అంకే మూలం.

కాలం చేసే పనికి రాయలసీమలోనే గొప్ప ఉదాహరణ దొరుకుతుంది. 2005 చివరి నుంచి 2006 దాకా అనంతపురం జిల్లాతో సహా ఈ సీమ అంతటా చికున్‌గున్యా జ్వరాలు వ్యాపించాయి. జ్వరం కొద్దిరోజులలో పోయినా కీళ్ళనొప్పులు మిగిలాయి. నిలబడలేనివారు, చెంబు పట్టలేనివారు పల్లెపల్లెనా కనబడ్డారు. అటువంటి నొప్పి చాలామందిలో వారాలలో, నెలలలో దానంతట అదే సన్నగిల్లుతుంది. కొందరిలో మాత్రం ఏళ్ళు నిలుస్తుంది. సన్నగిల్లే ముందు రోగి ఏ వైద్యుని గడప త్రొక్కితే ఆ వైద్యునికే కీర్తి. కాకి వాలడం, తాటిపండు పడటం ఒక్కసారే జరిగితే కాకి బలమని చెప్పకూడదని మన తార్కికులు ఏనాడో కాకతాళీయ న్యాయం కల్పించారు. నొప్పి పరాకాష్ఠలో ఉన్ననాడే మనిషి వైద్యుని దగ్గరకు పోతాడు. పరాకాష్ఠ నుంచి నొప్పికి క్రిందికి దిగడమే ఎక్కువ సందర్భాలలో మిగిలిన దారి.

మూడవ మాట, స్వయంప్రతిరక్షక వ్యాధుల మాట, అన్నిటికంటె ప్రమాదకరమైనది. దానికి చూపే ఆధారం 2021లో ‘నేచర్’ పత్రికలో మా చియోఫు బృందం ప్రచురించిన పరిశోధన. ఎలుక వెనుకకాలిలో ఒక జాతి నాడీకణాలను విద్యుత్ సూదితో ప్రేరేపిస్తే, వేగస్ నాడి ద్వారా అడ్రినల్ గ్రంథికి సందేశం పోయి వాపు తగ్గుతుందని వారు చూపించారు. ఫలానా చోట గుచ్చితేనే ఫలితమెందుకో నాడీశాస్త్రం చెప్పగలిగిన అరుదైన సందర్భమిది. దీనిని చులకన చేయరాదు. అయితే అది బాక్టీరియా విషంతో తెప్పించిన అప్పటికప్పటి వాపు. సంవత్సరాల తరబడి కీలును కొరుక్కుతినే వ్యాధి కాదు. అదే బృందం 2020లో ప్రచురించిన మరొక పరిశోధనలో, వాపు ముదిరిన తరువాత కడుపు మీద బలంగా ప్రేరేపిస్తే అది హెచ్చింది కూడా. ఇక మనుష్యులలో రుమటాయిడ్ కీళ్ళవాతంపై కాక్రేన్ సమీక్షకులు 2005లో వెదికితే ప్రమాణానికి నిలిచిన పరీక్షలు రెండే దొరికాయి. రెండింటిలోనూ కలిపి రోగులు 84 మంది. మామూలు సూదుల వల్ల కీళ్ళ వాపుగాని, రక్తంలో వాపును తెలిపే గుర్తులుగాని తగ్గలేదు. విద్యుత్ సూదులతో మోకాలి నొప్పి కొంతసేపు తగ్గినట్లు మాత్రం ఒక పరీక్షలో కనబడింది.

ఇక్కడ పణంగా ఉన్నది నేతగాని చేతివ్రేళ్ళు. రుమటాయిడ్ వ్యాధిలో మొదటి కొద్దినెలలే విలువైనవి. ఆ కాలంలో మెతొట్రెక్సేట్ వంటి మందు మొదలుపెడితే ఎముక అరగడాన్ని చాలావరకు నిలుపవచ్చును. సూదుల వల్ల నొప్పి ఒక మెట్టు దిగి, రోగి ‘గుణం కనబడింది’ అని ఆసుపత్రికి పోవడం మానితే, నొప్పి లేకుండానే కీలు చెడిపోతూ ఉంటుంది. అరిగిన ఎముకను ఏ సూదీ తిరిగి పెంచదు. ఫ్లోరైడు వల్ల బిగిసిన వెన్నెముక సంగతీ అంతే. అక్కడ మార్చవలసినది నీరు.

నడుము నొప్పికీ, మోకాలి నొప్పికీ, తలనొప్పికీ వైద్యునికి చూపించుకొన్న తరువాత సూదులు వేయించుకోదలచినవారిని అడ్డగించవలసిన పని లేదు. సూది ప్రతిసారీ క్రొత్తది, శుద్ధి చేసినది కావాలి. ఒకరికి వాడినది మరొకరికి వాడితే కామెర్లు తెచ్చే హెపటైటిస్ బి వ్యాపించగలదు. రొమ్ము మీద లోతుగా గుచ్చడం ఊపిరితిత్తికి ప్రమాదం. వేసుకొంటున్న మందులను సూదుల భరోసాతో ఆపరాదు. ఉదయం లేవగానే చేతివ్రేళ్ళు బిగుసుకొని అరగంట దాటినా సడలకపోతే, రెండు చేతుల కణుపులూ ఒకేవిధంగా వాచి వారాల తరబడి తగ్గకపోతే, మగ్గం దిగి ముందుగా పోవలసినది రక్తపరీక్ష చేసే చోటికి.