ముందుగా లెక్క ముగించిన పిల్లలు

ప్రతిభగల పిల్లలను వెదకి చేరదీయవలెనను కోరిక మన ప్రభుత్వములకు లేకపోలేదు. 1971లో నల్లగొండ జిల్లా సర్వేలున వెలసిన గురుకుల విద్యాలయమును, 1986 నాటి జాతీయ విద్యావిధానము పిమ్మట అనేక జిల్లాలలో నేర్పడిన నవోదయ విద్యాలయములును, పల్లెలలో మరుగుపడియున్న మేధస్సును వెలికి తీయవలెనను సత్సంకల్పము నుండి పుట్టినవే. కాని నవోదయ ప్రవేశపరీక్షకు కూర్చుండునాటికి బాలుడు అయిదవ తరగతి చదువుచుండును. అంతకు ముందు గడచిన యేండ్లలో, అందునను ఒకటి రెండు తరగతులలో, వాని బుద్ధికి తగిన ఆహారము దొరకినదా, లేక ఆకలి చచ్చి ఊరకుండుట అలవడినదా యని విచారించు పరీక్ష ఏదియు లేదు. ప్రాథమిక పాఠశాలలోనే ఉద్యోగకాలమంతయు గడపిన నాకు ఈ విషయమే అన్నింటికంటె ముఖ్యమని తోచుచున్నది.

మన సమాజమున ఏకసంథాగ్రాహి యనిన మహాగౌరవము. ఎక్కములు గడగడ అప్పజెప్పు పిల్లవానిని ఊరివారు మెచ్చుకొందురు. మండల విద్యాధికారి వచ్చిననాడు ఉపాధ్యాయుడు వానినే ముందు నిలువబెట్టును. ధారణాశక్తి గొప్ప వరమే, కాదనను. అయినను ఆరేడేండ్ల ప్రాయమున అసాధారణమైన బుద్ధి తరచుగా మరియొక రూపమున, పెద్దలకు చికాకు పుట్టించు రూపమున, బయటపడుచుండును. ఇచ్చిన లెక్కలు అందరికంటె ముందుగా ముగించి ప్రక్కవాని పలకపై గీతలు గీయువాడు, విన్న కథ రెండవమారు చెప్పబోగా ముఖము త్రిప్పుకొనువాడు, "సున్నకి ముందు ఏముంటుంది మాస్టారూ?" అని పాఠము నడుమ అడ్డుతగులువాడు, ఆలోచన వేగమును చేయి అందుకొనలేక అక్షరములు వంకరలు పోవువాడు, వీరందరును అల్లరివారి పట్టికలో చేరిపోవుదురు. అల్లరియు చేయని వారింకొందరు కలరు. ఇంట లంబాడీయో కోయయో మాట్లాడి బడిలో తెలుగు పుస్తకము పట్టిన పిల్లలును, చెల్లెలిని చంకనెత్తుకొని వచ్చు ఆడుపిల్లలును తెలిసినదియు చెప్పక కూర్చుందురు. చేయెత్తినవారినే లెక్కించు ఉపాధ్యాయునికి వీరెన్నటికిని కానరారు.

రెండవ తరగతిలో ఒక బాలిక యుండెడిది. కూడికలకై ఇచ్చిన చింతపిక్కలతో తన లెక్కలు ముగించి, ఆమె ఒకనాడు వానిని గచ్చుమీద చదరముగా పేర్చుచుండెను: మొదట ఒక్క పిక్క, దానికి మూడు చేర్చి నాలుగు, వానికి అయిదు చేర్చి తొమ్మిది. ప్రతిసారియు రెండంచుల వెంబడి వరుస పెట్టి, మూలనొక పిక్క నుంచుచుండెను. నేను ప్రక్కన కూర్చుండి చూచుచుంటిని. కొంతసేపటికి తలయెత్తి, "ఇప్పుడు ఏడు కావాలండి, తర్వాత తొమ్మిది. ఎప్పుడూ రెండేసి ఎక్కువ పడుతున్నాయి, ఎందుకు మాస్టారూ?" అనెను. ఎందుకో చెప్పుట నాకొక్క నిమిషము పని. చెప్పినచో ఆ నిమిషముతోనే ఆ విషయము ఆమెకు తీరిపోయెడిది. అందుచేత, "చదరంగా కాకుండా మెట్లుమెట్లుగా పేర్చి చూడమ్మా" అంటిని. ఒకటి, మూడు, ఆరు, పది అని మెట్లు పేర్చుచు ఆమె చాలదినములు మధ్యాహ్న భోజనమైన తరువాత ఆ మూలనే కూర్చుండెడిది. ఒకనాడు ఆరు పిక్కల మెట్లను తలక్రిందులు చేసి పది పిక్కల మెట్లకు జతపరచి, నిండుగా కుదిరిన పదునారు పిక్కల చదరము నాకు చూపినది. ప్రాచీన గ్రీకు గణితజ్ఞులెరిగిన సంగతియే యిది. అయినను ఏడేండ్ల పిల్ల తనంతట తాను కనుగొన్నప్పుడు అది ఆమె సొత్తు. ఆ యేటి పరీక్షలో ఆమె మార్కులు తక్కిన పలువురితో సమానముగనే వచ్చినవి. రెండంకెల కూడికలలో ఆమె చూపగలిగిన విశేషమేమున్నది?

పరీక్షలను నేను తృణీకరించుటలేదు. 1905లో పారిస్ నగరమున ఆల్ఫ్రెడ్ బినే, థియోడోర్ సిమోన్ బుద్ధిపరీక్షను కూర్చినది సాధారణ బోధన ననుసరింపలేని పిల్లలను గుర్తించుటకు. దానిని 1916లో అమెరికాలో సంస్కరించి, 1921లో మొదలుపెట్టి వేయికి పైబడిన ప్రజ్ఞావంతులైన పిల్లలనేరి వారి జీవితములను గమనింపబూనినవాడు లూయిస్ టెర్మన్. ఆ వడపోతలో పరీక్ష నిచ్చియు చోటు దక్కని విలియం షాక్లీ, లూయిస్ ఆల్వరెజ్ అను బాలురిద్దరు పెద్దవారై 1956లోను 1968లోను భౌతికశాస్త్రమున నోబెల్ బహుమానములందిరి. ఇంతకంటె నన్నాలోచింపజేసినది టెర్మన్ చెప్పిన వేరొక మాట. తరగతిలో మిక్కిలి తెలివైన బిడ్డను ఒకే యొక ఉపాయముతో గుర్తింపవలసివచ్చిన, ఉపాధ్యాయుని అభిప్రాయమును నమ్ముటకంటె హాజరుపట్టీ తెరచి అందరిలో చిన్నవాని పేరు తీసికొనుట మేలని ఆయన యనుభవము. వయస్సు పెద్దదైన పిల్లవాని నిబ్బరమును తెలివి యనుకొందుము. చిన్నవాడు అదే పని చేయుచున్నను ఆ చిన్నతనమును లెక్కింపము. మన పట్టీలలో పుట్టినతేదీ పెక్కుసార్లు బడిలో చేర్చుకొన్ననాడు సరిపెట్టి వ్రాసిన జూన్ తేదీ గనుక ఆ ఉపాయము మనకక్కరకు రాదు గాని, అందలి మందలింపు మనకును చెల్లును.

2009 నాటి విద్యాహక్కు చట్టము ననుసరించి అరువదిమంది వరకు పిల్లలున్న ప్రాథమిక పాఠశాలకు ఇద్దరుపాధ్యాయులు, తరగతులేమో అయిదు. ఈ ఏర్పాటును నేను సమర్థింపను. అయినను దానియందొక మేలు దాగియున్నది: రెండవ తరగతి వరుసలో కూర్చున్న పిల్ల తలయెత్తిన నాలుగవ తరగతి నల్లబల్ల కనబడును. భాగహారము వినుచున్న ఆ పిల్లను "నీ పని చూసుకో" అని అదలింపక, కాసేపు ఆ వరుసలోనే కూర్చుండనిచ్చినచో పైసా ఖర్చు లేదు. ఒక తరగతిని దాటించి పై తరగతిలో వేయుట మాత్రము స్నేహితులను, వయస్సును, మనోధైర్యమును ఆలోచించి అరుదుగా చేయవలసిన పని. పట్టుబడిన ఒక్క విషయమున ముందుకు పోనిచ్చి, తక్కినవానిలో ఈడువారితోనే యుంచుట మంచిదని నా నమ్మకము. ముందుగా ముగించినందుకు అట్టివే మరి పది లెక్కలిచ్చుట పిల్లలకు శిక్షగా తోచును. రెండవనాటినుండి వారు కావలెననియే మెల్లగా చేయనేర్తురు. వెనుకబడినవారికి నేర్పుమని నియోగించుట మరియొక అలవాటు. ఆండ్రూ బెల్ మద్రాసు ఎగ్మూరులోని అనాథ బాలుర శాలలో పిల్లలచేతనే పిల్లలకు చదువు చెప్పించి, ఆ యనుభవమును 1797లో గ్రంథముగా ప్రకటింపగా, అది మద్రాసు పద్ధతి యను పేర ఇంగ్లండులో వ్యాపించినది. ఉపాధ్యాయుల కొరతకది పనికివచ్చును. నేర్పువానికిని కొంత మేలే. కాని దినమంతయు అదే పనియైనచో ఆ బిడ్డ తాను నేర్వవలసినది ఎప్పుడు నేర్చును?

పిల్ల చురుకైనదని తెలిసిన మరునాడే తల్లిదండ్రులు, పట్టణములో హాస్టలున్న బడిలో వేయుదుమా, ఫౌండేషన్ కోర్సులో చేర్చుదుమా యని అడుగుదురు. వలదని ప్రాధేయపడి చెప్పుచుంటిని. ఏడేండ్ల బిడ్డకు రాత్రి తల్లి ప్రక్క కావలెను. ప్రశ్నకు విసుగుకొనని యిల్లు కావలెను. బిడ్డ వినుచుండగా "మా అమ్మాయి అందరి లాంటిది కాదు" అని చుట్టములతో చెప్పుకొనుటయు తగదు. ఆ మాట రోజును విను బిడ్డ, తప్పు వచ్చునేమో యను భయముతో కష్టమైన లెక్క జోలికే పోక, వచ్చినదానినే మరల మరల చేసి చూపుట నేను చూచితిని.

ప్రత్యేక ప్రతిభను గుర్తించి పెంపొందించు విధములను ఉపాధ్యాయ శిక్షణలో చేర్పవలెనని 2020 నాటి జాతీయ విద్యావిధానము చెప్పినది, సంతోషము. ఆ శిక్షణ అందులోపల చేయదగిన పని యొకటి కలదు. బదిలీయై వచ్చిన ఉపాధ్యాయుని చేతికి నేడు మార్కుల రిజిస్టరు తప్ప మరేమియు అందుటలేదు. ఒక నోటుపుస్తకమున ప్రతి పిల్లకును ఒక పుట కేటాయించి, ఆ పిల్ల అడిగిన ప్రశ్నలను, ఎవరును చెప్పకయే చేసిన పనులను, ఏ పాఠమునకు చెవియొగ్గినదో ఆ సంగతిని, తేదీ వేసి నాలుగు మాటలలో వ్రాసి పై తరగతివారికి అందింపవలెను. చురుకైనవారికి మాత్రమే గాక తరగతిలోని పిల్లలందరికిని ఆ పుట యుండవలెను. మూడు నెలలు గడచినను ఏమియు వ్రాయబడని పుట ఎవరిదో వారి ప్రక్కన మరునాడు పోయి కూర్చుండవలెను. జూన్ నెలలో బడి తెరచినప్పుడు, పాఠ్యపుస్తకములు పంచుటకు ముందే, ఆ నోటుపుస్తకము నొకసారి చదువుడని క్రొత్తగా వచ్చు ఉపాధ్యాయులను కోరుచున్నాను.