లెక్సిన్ పనితనం

స్వీడన్‌కు కొత్తగా వచ్చి భాష నేర్చుకునేవాళ్లకు మొదట్లోనే పరిచయమయ్యే నిఘంటువు లెక్సిన్. వలస వచ్చినవాళ్ల కోసమే 1970ల చివర ప్రభుత్వ పూనికతో ఈ పని మొదలైంది. మొదట పుస్తకాలుగా వచ్చింది. ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఎవరైనా ఉచితంగా చూసుకోవచ్చు. అరబిక్, సొమాలీ, టిగ్రిన్యా, పర్షియన్, టర్కిష్ వంటి భాషల్లో అర్థాలుంటాయి. నిఘంటువును ఇంత ఇష్టంగా చదవవచ్చని నాకు దీన్ని చూశాకే తెలిసింది. పదం వెతికే మనిషికి అప్పటికి ఏం తెలిసి ఉంటుందో ఆలోచించి పెట్టిన గుర్తులే ఇందులో అడుగడుగునా.

క్రియల సంగతి చూడండి. ‘ఉంది’ అనే క్రియను మామూలు స్వీడిష్ నిఘంటువులు ‘వారా’ అనే మూలరూపం కింద ఇస్తాయి. బస్సులో, దుకాణంలో, ఆఫీసు ఉత్తరంలో కనబడేది మాత్రం ‘ఎర్’. రెంటికీ పోలికే లేదు. లెక్సిన్ కూర్చినవాళ్లు ఆ ఆనవాయితీని పక్కనపెట్టి వర్తమాన రూపాన్నే ముందు నిలబెట్టారు. ‘కొంటాడు’ అనే ‘షోపెర్’ మొదట వస్తుంది, భూతకాలమూ ఆజ్ఞార్థకమూ దాటి మూలరూపం చివర వస్తుంది. మన నిఘంటువుల్లో ‘వచ్చు’, ‘పోవు’, ‘చేయు’ అని ఉంటాయి. హైదరాబాద్‌లో పనికి కుదిరిన బిహారీ మేస్త్రీ చెవిన పడేది ‘వస్తున్నాడు’, ‘పోతుండు’. అక్కణ్నుంచి ‘వచ్చు’ దాకా దారి ఎరిగినవాడికి తెలుగు అప్పటికే చాలావరకు వచ్చేసినట్టు.

క్రియ పక్కనే చిన్న సూత్రం ఒకటి ఉంటుంది: ‘ఏ షోపెర్ ఎక్స్ (ఆవ్ బీ)’. ఏ, బీ అనే పెద్దక్షరాలు మనుషులు. ఎక్స్ అనే చిన్నక్షరం వస్తువు. ఒకరు ఒక వస్తువును మరొకరి దగ్గర కొంటారు. ఎవరి దగ్గరో చెప్పకపోయినా వాక్యం నిలుస్తుంది కాబట్టి ఆ ముక్క కుండలీకరణాల్లోకి వెళ్లింది. తెలుగులో ‘ను’, ‘కి’, ‘తో’ పదం చివర అంటుకుని ఎవరు ఎవరికి ఏమిటో చెప్పేస్తాయి. స్వీడిష్‌లో ఆ పనిని మాటల వరస, నామవాచకం ముందొచ్చే ‘ఆవ్’ లాంటి చిన్న పదాలు చేస్తాయి. ఏ క్రియకు ఏ చిన్న పదం తగులుతుందో ఊహకు అందదు, ఒక్కొక్కటిగా నేర్చుకోవలసిందే. పేజీలు పట్టే వ్యాకరణాన్ని మూడు అక్షరాల్లో ఇమిడ్చిన ఈ సూత్రమే లెక్సిన్‌లో అన్నిటికన్నా గొప్ప పనితనమని నా అభిప్రాయం. మనుషులకో అక్షరం, వస్తువులకో అక్షరం కేటాయించడం చూస్తే, బళ్లో మహత్తు, అమహత్తు చదువుకున్న తెలుగువాళ్లకు ముచ్చటేస్తుంది.

ఉచ్చారణ దగ్గరా ఇదే శ్రద్ధ. అచ్చు దీర్ఘమైతే అచ్చు తరువాత, హల్లు ఒత్తి పలకాలంటే హల్లు తరువాత రెండు చుక్కలు పెడతారు. ‘గ్లాస్’ అంటే మంచినీళ్ల గ్లాసు, ‘గ్లస్స్’ అంటే ఐస్‌క్రీమ్. హ్రస్వదీర్ఘాలూ ద్విత్వాలూ పుట్టుకతో వచ్చిన మన చెవికి ఇది తేలికే. కష్టమంతా స్వరంతో. ఒకే అక్షరాలతో రాసే ‘అండెన్’ ఒక స్వరంలో బాతు, ఇంకో స్వరంలో ఆత్మ. ఈ రెండో స్వరం పలికే పదాల ఉచ్చారణకు ముందు చిన్నగా 2 అంకె వేస్తారు. ఈ అంకె లేకపోతే రాతలో ఆ తేడా పట్టుకునే దారే లేదు.

స్వీడిష్‌లో సమాసాలు ఎంత పొడుగైనా కలిపే రాస్తారు. ఇంటి అద్దెకు ప్రభుత్వమిచ్చే సాయం పేరు ‘బూస్తాద్స్‌బీద్రాగ్’. లెక్సిన్ అతుకు దగ్గర సన్నని గీత గీసి ఏ ముక్క ఎక్కడ ముగిసిందో చూపిస్తుంది. ఆ దేశపు జీవితం తెలిస్తే తప్ప బోధపడని మాటలకు కాస్త వివరణా ఇస్తుంది. ‘అల్లెమాన్స్‌రెట్’ అలాంటిది: పరుల అడవిలోనైనా నడిచి, అడవి పండ్లూ పుట్టగొడుగులూ ఏరుకునే హక్కు. ఊరికి కొత్తయినవాళ్లు కంచె లేని అడవి ముందు జంకి ఆగిపోకుండా ఉండడానికి ఇది తెలియాలి.

లెక్సిన్‌లో తెలుగు లేదు. స్టాక్‌హోమ్‌లోని షీస్తాలో ఉద్యోగం చేసే మన ఇంజినీర్లు ఇంగ్లీషు అర్థాలతో సర్దుకుంటారు. వాళ్లతో వెళ్లిన అమ్మానాన్నలకు, ఇంగ్లీషు అంతగా రాని భార్యకో భర్తకో అది చాలదు. అయితే స్వీడిష్ భాగాన్ని ఒకసారి కూర్చి, దాని మీద ఒక్కొక్క భాషనే చేర్చుకుంటూ పోయేలా లెక్సిన్‌ను కట్టారు. సూత్రాలు, స్వరాల అంకెలు, అతుకు గీతలు అన్నీ అక్కడ సిద్ధంగానే ఉన్నాయి. రెండు భాషలూ బాగా వచ్చిన కొందరు పూనుకుంటే మిగిలేది తెలుగు అర్థాలు రాసే పనే.