కదిలితేనే బొమ్మ

పేజీ తిప్పగానే కోట లేచి నిలబడుతుంది. కాగితపు పట్టీ లాగితే సింహం నోరు తెరుస్తుంది. ఇలాంటి పాప్-అప్ పుస్తకాలను చూసి పిల్లలు ముచ్చటపడతారు గానీ, ఈ విద్య పిల్లల కోసం పుట్టింది కాదు. 13వ శతాబ్దిలో ఇంగ్లండు సన్యాసి మాథ్యూ పారిస్ తన రాతప్రతుల్లో తిరిగే చక్రాలు అమర్చాడు. 1540లో పీటర్ అపియన్ గ్రహాల నడకను కాగితపు చక్రాలతో లెక్కగట్టి చూపించాడు. 19వ శతాబ్ది చివర్లో జర్మన్ చిత్రకారుడు లోథర్ మెగ్గెన్‌డోర్ఫర్ సన్నని రాగి తీగ చుట్టలతో కీళ్లు బిగించి, ఒక్క పట్టీ లాగితే బొమ్మలోని చేయీ తలా కన్నూ కలిసి కదిలేలా చేశాడు.

చదునైన బొమ్మకు కీలు పెట్టి కథ చెప్పించడం తెలుగువాళ్లకు ఎప్పటినుంచో తెలుసు. మనం ఆ పనిని తోలుతో చేశాం. మన నక్కపల్లి నుంచి తుని దాటి కాకినాడ వైపు వెళితే, సామర్లకోట దగ్గర మాధవపట్నం తోలుబొమ్మలాటకు పేరున్న ఊరు. రాయలసీమలో ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట అలాంటిదే. ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది.

బొమ్మ పని తోలుతో మొదలవుతుంది. మేకతోలును నానబెట్టి, వెంట్రుకలు గీకి, బిగలాగి ఆరబెడితే వెలుగు దూరే పలుచని పొర మిగులుతుంది. దాని మీద రూపం గీసి, తల, మొండెం, చేతులు విడివిడిగా కోస్తారు. నగలు, అంచులు ఉండేచోట ఉలితో చిన్నచిన్న చిల్లులు కొడతారు. తెర వెనక దీపం వెలిగితే ఆ చిల్లులే రత్నాలవుతాయి. రంగులు రెండువైపులా పూస్తారు. ఆపైన భుజం, మోచేయి దగ్గర ముక్కలను ఒకదాని మీద ఒకటి ఉంచి దారంతో ముడివేస్తారు. ముడి బిగిస్తే చేయి లేవదు, వదులైతే వేలాడుతుంది. నడిమి బద్ద బొమ్మను నిలబెడుతుంది, చేతులకు కట్టిన పుల్లలు దాన్ని ఆడిస్తాయి. నాట్యకత్తె బొమ్మకు కీళ్లు ఎక్కువ, అందుకే దాన్ని ఆడించడం కష్టం.

భద్రపరచడంలోనూ కాగితానికీ తోలుకూ పోలిక ఉంది. రెండింటికీ తేమ, పురుగు, ఎండ శత్రువులు. రెండూ ముందుగా చిరిగేది మడత దగ్గరో కీలు దగ్గరో. పాత పుస్తకాలు బాగుచేసేవారు చిరుగుకు సన్నని జపాన్ కాగితాన్ని గోధుమ పిండి జిగురుతో అతికిస్తారు, అవసరమైతే తర్వాత ఊడదీయవచ్చని. సెల్లోటేపు జోలికి పోరు. తోలుబొమ్మను నీటితో తుడవకూడదు. తోలు ఉబ్బి వంకర తిరుగుతుంది, రంగు కరుగుతుంది. గాలి ఆడే పొడిచోట, మడత పడకుండా పరచి ఉంచాలి.

అయితే చట్రంలో బిగించి గోడకు తగిలించిన బొమ్మలో తోలు మిగులుతుంది, ఆట మిగలదు. ఆటలు తగ్గాక నిమ్మలకుంట చేతులు దీపపు తొడుగులు, గోడ బొమ్మలు చేసి బతుకుతున్నాయి. అది వాళ్ల గౌరవమైన జీవనం. కానీ ఆ దీపపు తొడుగుకు కీలు అక్కర్లేదు. కీలు ఎక్కడ ఎంత వదులుగా ఉండాలో ఆడించే చేతికే తెలుసు, ఆ చేయి పోతే ఏ మ్యూజియమూ దాన్ని తిరిగి తేలేదు.

ఇలాంటి చేతిపనిని నిలబెట్టుకునే దారిని నక్కపల్లికి పొరుగున వరాహ నది ఒడ్డున ఉన్న లక్కబొమ్మల ఊరు ఏటికొప్పాక చూపించింది. అక్కడి సి.వి. రాజు చెట్ల రంగులను మళ్లీ లక్కపనిలోకి తెచ్చారు. చేసేవాళ్లూ కొనేవాళ్లూ ఉన్నారు గనుక అక్కడి బొమ్మ నిలిచింది. 2017లో భౌగోళిక గుర్తింపూ దక్కింది.

తోలుబొమ్మకు కావలసింది ప్రేక్షకులు. నక్కపల్లి ఉపాధ్యాయులకు, జాతర పెద్దలకు ఒక విన్నపం: ఈ ఏడు ఒక బృందాన్ని పిలిపించి ఆట ఆడించండి, తగిన సంభావన ఇవ్వండి. మరునాడు పిల్లల చేత అట్టముక్కలతో, దారంతో ఒక కీలుబొమ్మ చేయించండి.