తొమ్మిది సీసీల గుంట

నెల్లూరు తీరంలో కృష్ణపట్నం నుంచి మైపాడు, రామతీర్థం మీదుగా ఇసకపల్లి దాకా ఏ పల్లెకు వెళ్లినా ఇంజన్ అంటే డీజిల్ ఇంజనే. ఫైబర్ పడవను సముద్రంలోకి తోసేది అదే, రొయ్యల చెరువు గట్టు మీద కరెంటు పోయిన రాత్రి ఏరేటర్లను ఆపకుండా తిప్పేదీ అదే. అందుకే ఈ తీరంలో మెకానిక్ నేర్చిన విద్యలో సగం ఒక్క మాట చుట్టూ తిరుగుతుంది: కంప్రెషన్. స్టార్టు కాకపోయినా, తెల్లపొగ వచ్చినా, లోడు లాగకపోయినా ముందు అనుమానం దాని మీదే. బోరు కొట్టించి, స్లీవు వేసి, రింగులు మార్చి, వాల్వులు సీటింగ్ చేసి పోయిన కంప్రెషన్‌ను మళ్లీ రప్పించినవాడే మొనగాడు.

అలాంటి చేతికి పాత పెట్రోలు అంబాసిడర్ అప్పగించి, దీనికి సూపర్‌ఛార్జర్ పెట్టాలి అన్నామనుకోండి. మొదట చేయాల్సిన పని అతని అలవాటుకు పూర్తిగా ఎదురు. ఉన్న కంప్రెషన్‌లో కొంత తీసి పారేయాలి.

ఇది ఎందుకో అంబాసిడర్ ఇంజనే చెబుతుంది. ఆ కారులో దశాబ్దాల పాటు ఉన్నది బ్రిటన్‌లో పుట్టిన బీఎంసీ బీ-సిరీస్ ఇంజన్. బోరు 73.025 మి.మీ., స్ట్రోకు 88.9 మి.మీ., నాలుగు సిలిండర్లు కలిపి 1489 సీసీ. ఇదే కొలతలతో డీజిల్ ఇంజన్ కూడా ఉంది. డీజిల్‌లో కంప్రెషన్ నిష్పత్తి సుమారు 23. పెట్రోలులో తక్కువ కంప్రెషన్ రకానికి 7.2, ఎక్కువ రకానికి 8.3. ఒకే బోరు, ఒకే స్ట్రోకు, అయినా మూడు రెట్ల తేడా! డీజిల్ సిలిండర్లో పిస్టన్ పైకి నొక్కేది ఒట్టి గాలినే. ఎంత నొక్కి ఎంత వేడెక్కిస్తే అంత మంచిది, ఆయిల్ పడగానే అంటుకుంటుంది. పెట్రోలు ఇంజన్లో గాలితో పాటు పెట్రోలూ నలుగుతుంది. మరీ నొక్కితే స్పార్క్‌తో మొదలైన మంట మూలలకు చేరేలోపే అక్కడి మిశ్రమం తనంతట తాను భగ్గుమంటుంది. డబ్బాలో గులకరాళ్లు వేసి ఆడించినట్టు వినిపించే నాకింగ్ అదే. కాసేపు సాగితే పిస్టన్ అంచు కరుగుతుంది, లేదా రింగుల మధ్య గట్టు విరుగుతుంది.

సూపర్‌ఛార్జర్ చేసేది ఇంజన్ పీల్చుకునే గాలిని ముందే నొక్కి లోపలికి పంపడం. టర్బోను పొగ తిప్పితే దీన్ని బెల్టు తిప్పుతుంది. పాత బ్రిటిష్ కార్లకు 1950ల్లోనే షారాక్ కంపెనీ ఇలాంటివి అమ్మేది, బీ-సిరీస్ ఇంజన్ ఉన్న ఎంజీ కార్లకూ అవి అమరాయి. పాత ఇంజన్‌కు చదరపు అంగుళానికి ఆరేడు పౌండ్ల బూస్టు చాలు. ఆ 1489కి క్రాంక్‌ను మోసే మెయిన్ బేరింగులు మూడే, అంతకు మించి ఆశపడితే పిస్టన్ కంటే ముందు కింది భాగమే మొర పెడుతుంది.

ఏడు పౌండ్ల బూస్టు అంటే గాలి ఒత్తిడి దాదాపు ఒకటిన్నర రెట్లు. 8.3 నిష్పత్తి మీద అంత బూస్టు పడితే, మెకానిక్కులు వాడే మోటు లెక్కలో అది 12కు సమానం. 7.2 మీద అయితే పదిన్నర. మోటు లెక్క అని ఎందుకంటున్నానంటే అందులో వేడి కనపడదు, నెల్లూరులో అసలు సమస్య వేడే. మే నెలలో 42 డిగ్రీల గాలిని పాత రూట్స్ రకం బ్లోయర్, అంటే సూపర్‌ఛార్జర్, ఏడు పౌండ్లకు నొక్కితే, దాని సామర్థ్యం 55 శాతం అనుకున్నా, బయటికొచ్చే గాలి 110 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఇంజన్లోకి అడుగు పెట్టకముందే! పైగా మనది సముద్రమట్టం. బెంగళూరులో గాలి ఒత్తిడి పదో వంతు తక్కువ కాబట్టి అక్కడ నిశ్శబ్దంగా నడిచిన ఇంజన్ ఇక్కడికొచ్చి నాకింగ్ కొట్టొచ్చు. తీరపు గాలిలోని తేమ నాకింగ్‌ను కాస్త అణుస్తుంది, కానీ దాన్ని నమ్ముకుని పిస్టన్ ఎంచుకోలేం.

మరి కంప్రెషన్ తగ్గిస్తే బలం పోదా? పోతుంది. సిద్ధాంత లెక్క ప్రకారం 8.3 నుంచి 7.2కు దిగితే ఇంజన్ సామర్థ్యం నాలుగు శాతం పైచిలుకు తగ్గుతుంది. అంత వేడెక్కిన గాలితో కూడా బ్లోయర్ సిలిండర్లోకి అదనంగా నింపేది ఇరవై శాతం. అందులో కొంత బ్లోయర్‌ను తిప్పడానికే పోయినా బేరం మనదే.

ఇప్పుడు ఆ తగ్గింపు ఎక్కడ చేయాలి అన్నది చూద్దాం. ఒక సిలిండర్లో పిస్టన్ తిరిగే చోటు సుమారు 372 సీసీ. 8.3 రావాలంటే పిస్టన్ పైకి చేరాక దాని మీద మిగిలే చోటు 51 సీసీ ఉండాలి. 7.2 కావాలంటే 60. తేడా తొమ్మిది సీసీలు, రెండు చెంచాలు నిండని చోటు. దీన్ని సంపాదించడానికి చవక దారి మందమైన హెడ్ గ్యాస్కెట్. ఈ బోరుకు గ్యాస్కెట్ ఒక మిల్లీమీటరు పెంచితే వచ్చేది నాలుగు సీసీల పైచిలుకే, అంటే రెండు మిల్లీమీటర్ల పైనే లేపాలి. అక్కడే పని చెడుతుంది. బీ-సిరీస్ హెడ్‌లోని గది హ్యారీ వెస్లేక్ దిద్దిన హృదయాకారపు గది. దాని పక్కనున్న చదును భాగానికి పిస్టన్ దగ్గరగా వచ్చినప్పుడు అక్కడి మిశ్రమం చిమ్ముకుంటూ మంట వైపు దూకి చురుగ్గా మండుతుంది. ఆ సందు రెండు మిల్లీమీటర్లు పెరిగితే చిమ్మడం ఆగుతుంది, మూలల్లో మిశ్రమం నిలిచిపోతుంది, నాకింగ్ తగ్గించడానికి చేసిన పనే నాకింగ్‌ను పిలుస్తుంది. కాబట్టి తొమ్మిది సీసీలు పిస్టన్ నెత్తిన గుంటగా ఉండాలి, అదీ గదికి సరిగ్గా కింద. చుట్టూ అంచు ఎత్తుగానే ఉండనివ్వాలి.

దొరికిన మామూలు పిస్టన్‌ను లేత్ మీద పెట్టి గుంట చెక్కించే అలవాటూ మన దగ్గర ఉంది. పోత పిస్టన్ నెత్తి అసలే సన్నం. ఎంత మందం మిగిలిందో కొలవకుండా చెక్కించడం మూర్ఖత్వమే అంటాను.

ఏ పిస్టన్ కొన్నా ముందు హెడ్‌ను కొలవాలి. నలభై ఏళ్ల కారు హెడ్‌ను ఎన్నిసార్లు ఫేసింగ్ చేయించారో పుస్తకంలో ఉండదు, ప్రతిసారీ గది కొంచెం చిన్నదవుతుంది. హెడ్‌ను బోర్లించి, వాల్వులు బిగించి, గ్రీజు రాసి పైన చిల్లు పెట్టిన అద్దపు పలక అతికించి, మందుల షాపులో దొరికే 20 మి.లీ. సిరంజితో కిరోసిన్ నింపుతూ లెక్కపెట్టడమే. దానికి గ్యాస్కెట్ మందం, పిస్టన్ బ్లాకు అంచు కంటే ఎంత కిందకు ఆగిందో కలపాలి. బోరు కొట్టించడంలోనూ ఒక మెలిక ఉంది. 60 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) ఓవర్‌సైజు వేస్తే సిలిండరు 388 సీసీ అవుతుంది. పైన అదే 60 సీసీ ఉంచితే 7.2 కాస్తా దాదాపు 7.5కు ఎక్కుతుంది. డీజిల్ పడవకు అది లాభమే, ఇక్కడ మాత్రం గుంటలో ఇంకో రెండున్నర సీసీలు అడగాలి.

పిస్టన్ లోహం సంగతి. పోత పిస్టన్ చవక, కొలత కదలదు, బోరులో బిగుతుగా నిశ్శబ్దంగా నడుస్తుంది. నాకింగ్ తగిలితే మాత్రం గాజులా పగులుతుంది. ఫోర్జ్‌డ్ పిస్టన్ సాగుతుంది గాని పగలదు. వేడికి ఎక్కువ ఉబ్బుతుంది కాబట్టి బోరులో సందు ఎక్కువ వదలాలి, పొద్దున్నే స్టార్టు చేసినప్పుడు టకటక వినిపిస్తుంది. ఆ చప్పుడు విని మళ్లీ ఇంజన్ విప్పేవాళ్లున్నారు, వేడెక్కే దాకా ఆగితే పోతుంది. ఆరేడు పౌండ్లకు మంచి పోత పిస్టన్ చాలంటారు కొందరు. రోజూ వాడే కారైతే నేనూ ఒప్పుకుంటాను, స్పార్క్ టైమింగ్ సరిగ్గా ఉంటేనే. చెన్నైలో 1949లో పుట్టిన ఇండియా పిస్టన్స్ లాంటి కంపెనీల వల్ల మన వైపు మామూలు పిస్టన్‌కు కరవు ఎప్పుడూ లేదు. గుంట కొలత చెప్పి చేయించుకునే ఫోర్జ్‌డ్ పిస్టనే ఖరీదు.

పై రింగు మూతి సందు కూడా మరిచిపోయే చోటే. మామూలు ఇంజన్‌కు ఈ బోరులో 0.3 మి.మీ. సరిపోతుంది, బూస్టు ఉంటే 0.44 దాకా వదలాలి. వేడికి మూతులు రెండూ తగులుకుంటే రింగు బోరులో బిగుసుకుని పిస్టన్ గట్టును విరిచేస్తుంది. ఫీలర్ గేజ్ పెట్టి నిమిషంలో చూసుకునే పని ఇది.

కంప్రెషన్ పెంచే అలవాటు మన వైపు కారు పందేల లోకానికీ ఉండేది. చెన్నై దారిలో గుమ్మిడిపూండి దాటాక వచ్చే షోళవరంలో, రెండో ప్రపంచయుద్ధం నాటి విమానాల పట్టీ మీద మద్రాసు మోటార్ స్పోర్ట్స్ క్లబ్ 1980ల దాకా పందేలు నడిపింది. అంబాసిడర్లు, ఫియట్లు, హెరాల్డులు అక్కడ పరుగెత్తేవి. మారుతి 800 ఇంజన్‌తో ఫార్ములా మారుతి కార్లు కట్టిన కోయంబత్తూరు లక్ష్మీ మిల్స్ కుటుంబపు కరివర్ధన్‌ది కూడా ఆ లోకమే. అక్కడ బ్లోయర్ లేని ఇంజన్ నుంచి బలం పిండాలంటే హెడ్ చెక్కించి కంప్రెషన్ పెంచడమే తెలిసిన దారి. సూపర్‌ఛార్జర్‌ను ఇష్టపడని పెద్దలూ ఉన్నారు. 1929లో తన పేరున్న నాలుగున్నర లీటర్ల కారుకు బ్లోయర్ తగిలిస్తుంటే డబ్ల్యూ.ఓ. బెంట్లీ వద్దన్నాడు, సీసీ పెంచండి చాలన్నాడు. ఆయన మాట నిలిచింది, ప్రేమ మాత్రం జనానికి బ్లోయర్ బెంట్లీ మీదే మిగిలింది.

పెట్రోలు విషయంలో ఇప్పుడు పాత రోజుల కంటే నయం. మామూలుదీ 91 ఆక్టేన్‌కు తగ్గదు, 2020 చివరి నుంచి ఇండియన్ ఆయిల్ 100 ఆక్టేన్‌ను కూడా కొన్ని నగరాల్లో అమ్ముతోంది. ఇథనాల్ 20 శాతం కలిపిన పెట్రోలు నాకింగ్‌ను తట్టుకుంటుంది, మిశ్రమాన్ని చల్లబరుస్తుంది. పాత కారు రబ్బరు పైపులకు మాత్రం అది పడదు, పైగా కార్బురేటర్ జెట్టు పెద్దది చేయకపోతే మిశ్రమం పలచనై బూస్టు మీద ఇంజన్ కాలిపోతుంది.

అన్నీ బిగించాక టైమింగ్‌ను బూస్టు పౌండుకు ఒక డిగ్రీ చొప్పున వెనక్కి లాగి, హైవే మీద లోడు పెట్టి కాసేపు తోలి, ఇంజన్ ఆపి ప్లగ్గులు విప్పాలి. తెల్ల పింగాణీ మీద మిరియపు పొడి చల్లినట్టు నల్ల చుక్కలుంటే నాకింగ్ మొదలైనట్టే, టైమింగ్ ఇంకాస్త తగ్గించి చూడొచ్చు. ఆ చుక్కల్లో వెండి మెరుపు కనిపిస్తే అది పిస్టన్ అల్యూమినియం, అక్కడితో ఆపి హెడ్ దింపాలి.