దూదిపుల్ల పనితనం

పఠాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం కార్ఖానాల చుట్టూ ఒక్కో కిరాయి గదిలో నలుగురైదుగురు కార్మికులు సర్దుకుని ఉంటారు. ఒకరి గొంతు నొప్పి మరొకరికి అంటడానికి అంతకన్నా ఏం కావాలి? ఎక్కువ భాగం వైరస్ నొప్పులే, వారంలో వాటంతటవే తగ్గుతాయి. పిల్లల్లో 20 నుంచి 30 శాతం, పెద్దల్లో 5 నుంచి 15 శాతం మాత్రం స్ట్రెప్టోకాకస్ బాక్టీరియా వల్ల వస్తాయి. దాన్ని పట్టించుకోకపోతే కొందరికి టాన్సిల్ పక్కన చీము గడ్డ కడుతుంది. కొందరికి రెండు మూడు వారాలకు రుమాటిక్ జ్వరం వచ్చి గుండె కవాటాలు చెడతాయి. పిల్లల్లో కిడ్నీలు వాచి, మూత్రంలో రక్తం పడటమూ ఉంది.

ఏది వైరస్, ఏది స్ట్రెప్టో అన్నది టార్చిలైటు వేసి చూసినంత మాత్రాన తేలదు. తేల్చేది ల్యాబ్ టెక్నీషియన్ చేయి. నాలుకను పుల్లతో అదిమి, 'ఆ' అనమని, రెండు టాన్సిళ్లనూ గొంతు వెనక గోడనూ దూదిపుల్లతో (స్వాబ్‌తో) గట్టిగా రుద్దాలి. నాలుకకు, బుగ్గకు, కొండనాలుకకు తగలకూడదు. ఏడ్చే పిల్లవాడికి డోకు వచ్చేలోపు, రెండు మూడు సెకన్లలో ఇదంతా అయిపోవాలి.

తర్వాతి పని ఇంకా ముచ్చటైనది. గొర్రె రక్తం కలిపిన అగార్ జెల్లీ పళ్లెంలో ఒక మూలన స్వాబ్‌ను రాసి, మంటలో కాల్చి చల్లార్చిన తీగతో గీతలు గీస్తారు. మళ్లీ కాల్చి, పాత గీతల చివరి నుంచి కొత్తవి లాగుతారు. గీత గీతకూ సూక్ష్మజీవులు పలచబడి, చివరికి ఒక్కొక్కటీ విడిగా మొలుస్తుంది. ఆఖరున తీగను అగార్‌లోకి రెండు మూడు చోట్ల గుచ్చుతారు. నాకు అన్నిటికన్నా నచ్చినది ఈ గుచ్చడమే. రక్తకణాలను పగలగొట్టే స్ట్రెప్టో విషాల్లో ఒకటి గాలి తగిలితే పనిచేయదు, లోపల గాలి అందని చోట తన గుట్టు బయటపెడుతుంది. మర్నాడు పళ్లాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే, సూదిమొనంత చుక్క చుట్టూ ఎరుపు పూర్తిగా కరిగిన వలయం కనిపిస్తుంది. కనిపించకపోతే ఇంకో రోజు ఆగి మళ్లీ చూస్తారు. ఆ ఓపికకు వ్యవధి ఉంది: జబ్బు మొదలైన 9 రోజుల్లోపు పెన్సిలిన్ ఇచ్చినా రుమాటిక్ జ్వరాన్ని ఆపవచ్చు.

ఈ పనితనం విలువ పఠాన్‌చెరులో మరీ ఎక్కువ. సుమారు 90 మందుల కంపెనీల వ్యర్థజలాలు చేరిన ఇక్కడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చిన నీటిలో, లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని స్వీడన్ శాస్త్రవేత్తలు 2007లో ప్రచురించారు. నీళ్లలోనే ఇంత యాంటీబయాటిక్ కలిసిన చోట, వైరస్ గొంతు నొప్పికి మెడికల్ షాపులో అజిత్రోమైసిన్ కొని మింగడం మందులకు లొంగని బాక్టీరియాను ఇంకా పెంచడమే. అజిత్రోమైసిన్‌కు లొంగని స్ట్రెప్టో ఇప్పటికే ఉంది. పెన్సిలిన్‌కు మాత్రం అది నేటికీ లొంగుతూనే ఉంది. పాత మందే, చవక మందే.

2022లో జిల్లా కేంద్రం సంగారెడ్డికి ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది, డాక్టర్లు దగ్గరలోనే ఉన్నారు. జ్వరం, మెడ బిళ్లల నొప్పి ఉండి దగ్గు లేకపోతే గొంతును షాపువాడికి కాదు, డాక్టరుకు చూపించండి. స్వాబ్ తీస్తామంటే కాదనకండి. పెన్సిలిన్ మాత్రలు రాస్తే, నొప్పి మూడో రోజే తగ్గినా సరే, పది రోజులూ వాడండి.