తాపీ మేస్త్రికి దండం

సొంతిల్లు కట్టుకునేవారికి రోజుకో చిక్కు ప్రశ్న: ఎర్ర ఇటుకా, సిమెంటు ఇటుకా? కిటికీ తూర్పునా, ఉత్తరానా? ఆ తర్జనభర్జనల మధ్య స్థిమితంగా నిలబడేవాడు తాపీ మేస్త్రి. 3, 4, 5 అడుగుల కొలతలతో దారం లాగి మూల సరిచూస్తాడు. ఇటుకల్ని నీళ్లలో నాననిచ్చాకే పేరుస్తాడు. పొడి ఇటుక మాలులోని తడిని పీల్చేస్తే పట్టు తప్పుతుందని ఆయనకు తెలుసు. పై వరుస అతుకును కింది అతుకు మీద పడనివ్వడు. తూకం గుండు వేలాడదీసి, ఒక కన్ను మూసి, గోడ నిలువు చూస్తాడు. కట్టిన గోడను కనీసం 7 రోజులు తడపమని మరీమరీ చెబుతాడు. పూత పడి, రంగు వేశాక ఈ పనేదీ కంటికి కనబడదు. అయినా ఇంటిని తరాలపాటు నిలిపేది అదే. గృహప్రవేశం నాడు మేస్త్రికి కొత్తబట్టలు పెడతాం. ఆ చేతులకు అది న్యాయంగా దక్కాల్సిన గౌరవం.