రోగి లేని మందు నవల

హెచ్. జి. వెల్స్ అనగానే కాలయంత్రమూ, అంగారక గ్రహం నుంచి దిగొచ్చినవాళ్ళూ గుర్తొస్తారు. 1909లో పుస్తకంగా వచ్చిన ఆయన ‘టోనో-బంగే’ని ఇప్పుడు చదివేవాళ్ళు తక్కువ. ఆయన సాంఘిక నవలల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే. చదివిన ప్రతిసారీ చికాకుపెట్టేది కూడా ఇదే.

టోనో-బంగే అంటే మనిషీ కాదు, ఊరూ కాదు. ఒక టానిక్కు. చిన్న ఊళ్ళో మందుల షాపు నడుపుకునే ఎడ్వర్డ్ పాండరెవో దాన్ని తయారుచేసి, ప్రకటనల జోరుతో దేశమంతా అమ్మి, కోటీశ్వరుడై, చివరికి దివాలా తీస్తాడు. కథ చెప్పేది జార్జ్. పాండరెవో అతనికి బాబాయి. సైన్సు చదువుతున్న కుర్రాడు చదువు పక్కనబెట్టి ఈ వ్యాపారంలో దిగుతాడు. సీసాలో ఉన్నది ఒంటికి కొద్దో గొప్పో చెరుపు చేసే చెత్త అని అతనికి మొదటిరోజు నుంచీ తెలుసు. అయినా వెళ్తాడు. మంచి జీతం, పెళ్ళి చేసుకోవాలన్న తొందర. ఈ ‘అయినా’ని వెల్స్ రాసినంత నిజాయితీగా రాసినవాళ్ళు అరుదు.

వెల్స్‌కి ఈ లోకం ఎవరో చెబితే తెలిసింది కాదు. 1881లో మిడ్‌హర్స్ట్ అనే ఊళ్ళో ఒక మందుల షాపులో కొన్నాళ్ళు పని నేర్చుకున్నాడు. ఆ ఊరే పేరు మార్చుకుని నవలలోకొచ్చింది. బాబాయి షాపులోని సీసాలూ, లేబుళ్ళూ, బేరంలేక ఈగలు తోలుకునే మధ్యాహ్నాలూ అందుకే అంత బాగా కుదిరాయి. ప్రకటనలు తయారయ్యే అధ్యాయం ఇంకా బాగుంటుంది. మందుకి ముందు మాట పుడుతుంది. ఆ మాటకి తగిన జబ్బు తర్వాత దొరుకుతుంది. బాబాయి మోసగాడని పాఠకుడికి తెలుసు. అయినా ఆయన గదిలో లేకపోతే నవల చప్పబడిపోతుంది. ఆయన గొప్పలకి సూది గుచ్చుతూ ఉండే సూజన్ పిన్ని లేకపోతే మరీను.

ఈ హడావిడి వెనక ఉన్న అసలు వ్యాపారం గురించి కాస్త చెప్పుకోవాలి. విక్టోరియా రాణి కాలంలో వీటిని పేటెంట్ మందులు అనేవాళ్ళు. ఆ పేరులోనే అబద్ధం ఉంది. పేటెంట్ కావాలంటే అందులో ఏం కలిపారో బయటపెట్టాలి. వీటిలో చాలావాటి బతుకంతా ఆ రహస్యం మీదే. పేటెంట్‌కి బదులు పెట్టె మీద ప్రభుత్వ స్టాంపు ఉండేది. అది వట్టి పన్ను, మందు మంచిచెడ్డలతో దానికి సంబంధం లేదు. కొనేవాడి కంటికి మాత్రం అది సర్కారువారి పూచీలా కనపడేది. అమ్మేవాడు ఆ భ్రమని ఎందుకు చెడగొడతాడు! పిల్లల్ని పడుకోబెట్టడానికి వాడిన గాడ్‌ఫ్రీ కార్డియల్‌లో నల్లమందు ఉండేది. మిల్లు పనికి వెళ్ళే తల్లులు దాన్ని పసిపిల్లలకి పోసేవాళ్ళు, కొందరు పిల్లలు మళ్ళీ లేచేవాళ్ళు కాదు. క్లోరోడైన్ అయితే మన దేశంలో పనిచేసిన కోలిస్ బ్రౌన్ అనే సైనిక వైద్యుడు కలరా కోసం కలిపింది. అందులో నల్లమందు సారంతోపాటు గంజాయి, క్లోరోఫాం.

‘టోనో-బంగే’ వచ్చిన ఏడాదే బ్రిటిష్ మెడికల్ అసోసియేషన్ ‘సీక్రెట్ రెమెడీస్’ అనే పుస్తకం వేసింది. ప్రసిద్ధమైన మందుల్ని ప్రయోగశాలలో విడగొట్టి, దేనిలో ఏముందో, ఎంతవుతుందో రాసిన పుస్తకం. బీచమ్ మాత్రల్లో దొరికినవి ముసాంబరం, అల్లం, సబ్బు. 56 మాత్రల పెట్టె ధర షిల్లింగు మీద పెన్నీన్నర. లోపలి సరుకు ఖరీదు సుమారు అర ఫార్దింగు. ఫార్దింగంటే పెన్నీలో నాలుగో వంతు. లెక్కేస్తే 108 రెట్లు, అంటే సరిగ్గా అష్టోత్తరం! వెల్స్ నవలలో టానిక్కు ధర కూడా స్టాంపుతో కలిపి అంతే, షిల్లింగు మీద పెన్నీన్నర. చాలా పత్రికలు ఆ పుస్తకం ప్రకటన వేసుకోడానికే ఒప్పుకోలేదు. వాటి పొట్టలు ఆ మాత్రల ప్రకటనలతోనే నిండేవి మరి. 1912లో పార్లమెంటు ఒక కమిటీని వేసింది. దాని నివేదిక 1914 ఆగస్టు 4న, సరిగ్గా బ్రిటన్ యుద్ధం ప్రకటించిన రోజున బయటికొచ్చింది. ఇంకెవరు చదువుతారు?

రెండు పుస్తకాల్నీ పక్కపక్కన పెట్టి చదివితే నా చికాకుకి కారణం తెలిసింది. రెంటిలోనూ కొనేవాడు లేడు. డాక్టర్ల పుస్తకంలో అతనొక మోసపోయిన లెక్క. డాక్టరుని పిలిస్తే ఎంతయ్యేదో, డాక్టరిచ్చిన పాదరసం మందు ఈ సబ్బు మాత్రకన్నా ఎంత మేలో అడగడం ఆ పుస్తకం పని కాదు. వైద్యుల సంఘం వేసిన పుస్తకం, సరే అనుకోవచ్చు. నవలాకారుడికి ఆ సాకు లేదు. ఇంత పెద్ద నవలలో నడుం నొప్పితోనో నీరసంతోనో ఆ సీసా కొనుక్కుని, మూతతీసి, తాగి, కాస్త నయమనిపిస్తోందని చెప్పుకునే ఒక్క మనిషి పాత్రగా నిలబడడు. ఎగిరే యంత్రాలున్నాయి, ఆఫ్రికా తీరంలో రేడియోధార్మిక పదార్థం దొంగతనముంది, ఒక హత్య కూడా ఉంది. రోగి లేడు. మోసం గురించి ఇంత తెలిసిన రచయిత మోసపోవడం గురించి ఎందుకంత తక్కువ పట్టించుకున్నాడు?

రెండో ఫిర్యాదు డబ్బు గురించి. బాబాయి సంపాదనంతా క్రెస్ట్ హిల్ మీద కట్టే ఒక పిచ్చి మేడలోకి పోతుంది. అది పూర్తికాదు. దొంగడబ్బు దొబ్బుడాయె అనుకుని పాఠకుడు హాయిగా పుస్తకం మూయొచ్చు. వెల్స్ ఇక్కడ సులువైన దారి ఎంచుకున్నాడంటాను. అసలు చరిత్ర ఇంత సులువుగా లేదు. మాత్రలూ లేపనాలూ అమ్మి కుబేరుడైన థామస్ హాలోవే ఆ డబ్బుతో ఆడపిల్లలకి ఒక కాలేజీ కట్టించాడు. ఆయన పోయాక 1886లో విక్టోరియా రాణే వచ్చి ప్రారంభించింది. ఫ్రాన్సులోని షాంబోర్ కోట నమూనా. ఆ ఎర్ర ఇటుకల మేడలో ఇప్పటికీ పాఠాలు జరుగుతున్నాయి. చదువుకున్న అమ్మాయిల సంగతి ఎత్తితే పాండరెవో కథ అంత చులాగ్గా ముగియదు. ఆ కాలేజీ కోసం హాలోవే కొన్న బొమ్మల్లో ల్యూక్ ఫిల్డ్స్ వేసినదొకటుంది. చలిరాత్రి తలదాచుకోడానికి చీటీ కోసం వరసకట్టిన బీదవాళ్ళు, పిల్లల్ని పొదువుకున్న ఆడవాళ్ళు. వెల్స్ నవలలో నేను వెతికిన మొహాలు అలాంటివి.

తెలుగువాళ్ళకి ఈ చిక్కు మరీ పరాయిది కాదు. కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. అప్పటికి విక్టోరియా రాణి బతికే ఉంది. అమృతాంజనాన్ని టోనో-బంగే పక్కన పెట్టి తూచడం నా ఉద్దేశం కాదు. రాసుకుంటే తలనొప్పి కాస్త తగ్గినట్టుండే లేపనం అది. కానీ సీసా అమ్మగా వచ్చిన డబ్బు అచ్చుయంత్రం దాకా నడిచివెళ్ళిన దారి మాత్రం మనకి బాగా తెలిసిందే. ‘టోనో-బంగే’ ధారావాహికగా మొదలైన 1908లోనే ఆంధ్రపత్రిక వారపత్రికగా వచ్చింది. 1914లో మద్రాసు నుంచి దినపత్రికైంది. 1924లో భారతి. మన ఆధునిక సాహిత్యంలో ఎంతో భాగం ఆ కాగితాల మీదే అచ్చయింది, వాటిని ఆ చిన్న పసుపు డబ్బా పోషించింది.

వెల్స్ వదిలేసిన నవల ఇక్కడుంది. రాస్తే అందులో వ్యాపారి ఉండాలి, ప్రకటనలు రాసేవాడుండాలి, ఆ డబ్బుతో అచ్చయిన కవి కూడా ఉండాలి. ఏ పల్లెలోనో కణతలకి లేపనం రాసుకుని కళ్ళు మూసుకున్న ముసలమ్మ మొదటి అధ్యాయంలోనే రావాలి. నేను చదివిన తెలుగు నవలల్లో ఆమె ఇంకా కనపడలేదు.